నీ టేబుల్ తీసేసిన చోట

సుజాతా,

నువ్వు వెళ్ళిపోయి తొమ్మిది నెలలు దాటింది. నేను బాగానే ఉన్నాను. బీపీ మాత్ర మానలేదు. మోకాలు అలాగే ఉంది. నీ మేనకోడలు మాధవి ఆఫీసుకు వెళ్ళింది. స్టవ్ ఆపానో లేదో రెండుసార్లు చూసి వచ్చి, వంటింట్లో కూర్చుని నీకు ఇది రాస్తున్నాను.

ఐదో తరగతితో ఆగిపోయిన చెయ్యి నాది. అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు. నవ్వినా ఫరవాలేదులే... నీ నవ్వు విని ఎన్నాళ్ళయింది!

అసలు సంగతికి వస్తాను. నీ టేబుల్ తీసేశారు సుజాతా.

రాస్తుంటేనే ఒళ్ళు మండుతోంది. కెఫెటేరియాలో చెత్తడబ్బాల ముందు నువ్వు వేయించిన ఆ పొడుగాటి టేబుల్. పిల్లలు వద్దనుకున్నవి అక్కడ పెట్టేవాళ్ళు. మూత తీయని పాలు, ఒలవని అరటిపండు, సీలు విప్పని చీజు. ఇంకా ఆకలిగా ఉన్నవాళ్ళు వచ్చి తీసుకునేవాళ్ళు. అంతే కదా? అందులో ఎవరికి కష్టం? ఎవరికి నష్టం?

నేను మొదటిసారి ఆ స్కూల్లో అడుగు పెట్టిన రోజు నీకు గుర్తుందా? మీ అన్నయ్య పోయాక నేను అమెరికాలో ఈ ప్లేనో ఊరికి వచ్చిన ఏడాది. నువ్వు షుగర్ మాత్రలు ఇంట్లో మర్చిపోయావని నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మాధవిని తొందరపెట్టి కార్‌లో వచ్చాను. ప్రిన్సిపాల్‌వి, నీ గదిలో దర్జాగా కూర్చుని ఉంటావనుకుంటే, నువ్వు చెత్తడబ్బా పక్కన నిలబడి లోపలికి చూస్తున్నావు. నేనూ తొంగి చూశాను. నిండా పాలు, ఒక్క డబ్బా విప్పలేదు. ఆపిల్ పళ్ళు, ఒక్కదాని మీద పంటి గాటు లేదు.

ప్రతి పిల్లా పళ్ళెంలో పండో కూరో పెట్టించుకుని తీరాలట. తినకపోతే పారేయాలట. ఇదేం రూలు తల్లీ అని నేను నోటి మీద చెయ్యి వేసుకున్నాను.

"పొద్దున క్లాసులో భూమిని కాపాడండర్రా అని పాఠం చెప్తాం వదినా, మధ్యాహ్నం అయ్యేసరికి పారేయడం నేర్పిస్తాం. రెండోదే వాళ్ళకి బాగా వస్తోంది" అన్నావు.

వారం తిరక్కుండా టేబుల్ వేయించావు. దాని దగ్గర కూర్చోడానికి వాలంటీర్ కావాలని నన్ను పట్టుకున్నావు. నాకు ఇంగ్లీషు రాదు, తెల్లవాళ్ళ పిల్లలు, ఏదైనా అయితే కేసు పెడతారు, నన్ను వదిలెయ్యమని బతిమాలాను. నువ్వు వింటేనా?

"ఏది ఎంగిలో ఏది కాదో నీకు తెలిసినంతగా ఈ ఊళ్ళో ఇంకెవరికీ తెలీదు వదినా. ఈ ఉద్యోగానికి ఆ ఒక్క చదువు చాలు" అన్నావు.

అదే చేశాను. స్ట్రా గుచ్చిన పాలు ఎంగిలి, పక్కన పెట్టెయ్. తొక్క ఒలిచిన అరటిపండు ఎంగిలి కాకపోయినా గాలి తగిలింది, వద్దు. ఆపిల్ తిప్పి తిప్పి చూడు. పాలు ఐస్ తొట్టిలోనే ఉండాలి. నెల తిరిగేసరికి పిల్లలందరికీ వచ్చేసింది. నల్ల పిల్లలు, తెల్ల పిల్లలు, మెక్సికో పిల్లలు, అందరూ పండు నా ముందు ఎత్తి పట్టుకుని ఎంగ్లీ, నాట్ ఎంగ్లీ అని అడిగేవాళ్ళు. నన్ను ఆంటీ అనేవాళ్ళు. నా వయసుకి ఆంటీ ఏమిటని నువ్వు ఎంత ఏడిపించావో!

నాలుగేళ్ళు. నేను రోజూ భయపడుతూనే వెళ్ళాను, రోజూ వెళ్ళాను.

కొత్త ప్రిన్సిపాల్ ఆగస్టులో వచ్చాడు. మంచివాడిలాగే ఉన్నాడు, అది ఒప్పుకోవాలి. ఎప్పుడూ ఆకుపచ్చ టై కట్టుకుంటాడు. నా చేతిని రెండు చేతులతో పట్టుకుని, మీ సుజాత ఒక లెగసీ అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాటకి అర్థం ఏమిటని మాధవిని అడిగాను. పోయాక కూడా మిగిలేది అని చెప్పింది. సంతోషపడ్డాను. ఎంత పిచ్చిదాన్ని...

వచ్చిన మర్నాటి నుంచి గోడల నిండా పోస్టర్లు. భూమి బొమ్మ, చేతుల బొమ్మ, ఆకుల బొమ్మ. సస్టైనబిలిటీ అని పెద్ద అక్షరాలు. కెఫెటేరియా గుమ్మం మీద కూడా అదే. నువ్వు ఉన్నప్పుడు ఆ మాట నేను ఒక్కసారి విన్న గుర్తు లేదు. గోడకి బొమ్మ అంటించాలని ఎవరైనా వస్తే "వాళ్ళు గోడలు చదవరు వదినా, మన చేతులు చూస్తారు" అనేదానివి.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. దాచుకుని ఏం చేయను? తిట్టాలనుకుంటే తిట్టు.

ఫిబ్రవరిలో పిల్లలకి వాంతులు, జ్వరాలు పట్టుకున్నాయి. ఎవరికైనా ఏమైనా అయితే నీ టేబుల్ వల్లే అంటారు. జవాబు చెప్పడానికి నువ్వు లేవు. నువ్వు ఉన్నప్పుడు నా భయాలన్నీ నీ మీద గుమ్మరించి, ఇంటికి పోయి హాయిగా అన్నం తినేదాన్ని. ఇప్పుడు ఎవరికి చెప్పను? మాధవికి చెబితే అది ఫోన్‌లోంచి తల ఎత్తదు.

ఇంట్లో ఏ పండు వచ్చినా నేను ఉప్పూ పసుపూ కలిపిన నీళ్ళలో ముంచి తీస్తానని నీకు తెలుసు. కరోనా రోజుల్లో నీ ఇంటికి వచ్చిన ప్రతి పొట్లాం అలా కడిగించాను. "నన్ను కూడా ఒకసారి ముంచి తీసెయ్ వదినా, నీకు నిశ్చింతగా ఉంటుంది" అన్నావు కదూ?

అదే పని చేశాను. సీసాలో కలుపుకుని సంచిలో పెట్టుకెళ్ళి, కెఫెటేరియా వెనక సింకులో ఆపిల్ పళ్ళు ముంచి, తువ్వాలుతో తుడిచి టేబుల్ మీద పెట్టాను. ఎవరినీ అడగలేదు. పసుపు కదా... అడగాల్సిన వస్తువని నాకు తోచనే లేదు.

తొడిమ గుంటలో పసుపు నిలిచిపోయింది. ఒక పిల్లవాడి తెల్లచొక్కాకి అంటింది. వాళ్ళమ్మ ఫోటో తీసి స్కూలుకి పంపింది, పండు మీద ఇదేం కెమికల్ అని.

మర్నాడు నన్ను పిలిచారు. నీ గదిలోకే. నీ కుర్చీలో ఆయన. మాధవి ఫోన్‌లో మాట కలిపింది. నేను చెప్పాను... అది పసుపు నాయనా, పెళ్ళిలో ఒంటికి రాసుకుంటాం, దెబ్బ తగిలితే పెడతాం, పాలలో వేసుకుని తాగుతాం, విషం కాదు అని. అంత చెబితే మాధవి సారీ, సో సారీ అని రెండు ముక్కలు చెప్పి ఊరుకుంది. ఆయన తల ఊపి, టేబుల్‌ని ప్రస్తుతానికి పాజ్ చేస్తున్నామన్నాడు. పిల్లల సేఫ్టీ ముఖ్యం కదా అన్నాడు. కాదని ఎలా అంటాను?

సింకులో నేనే ముంచాను కదా. మూడు వారాలు ముద్ద దిగలేదు సుజాతా. నాలుగేళ్ళు నువ్వు నిలబెట్టింది నేను ఒక్క సీసాతో పడగొట్టానని.

టేబుల్ తీసేశాక వచ్చిన మొదటి శుక్రవారం ఉంది చూడు... అది నీకు చెప్పకూడదనుకున్నాను.

ఊదారంగు కళ్ళద్దాల పిల్ల, రెండో తరగతిది. దాని తమ్ముడు ఇంట్లో ఉంటాడు. శుక్రవారం టేబుల్ మీద మిగిలినవి దాని బ్యాగులో పెట్టమని నువ్వు నాకు చెప్పావు, ఎవరూ చూడకుండా, దానికి సిగ్గు వేయకుండా. ఆ శుక్రవారం కూడా వచ్చింది. ముందే బ్యాగు జిప్పు తీసుకుని వచ్చి, టేబుల్ ఉండాల్సిన చోట నిలబడింది. ఖాళీ నేల వంక చూసింది. నా వంక చూసింది.

నా సంచిలో రెండు అరటిపళ్ళు ఉన్నాయి, నా మందుల కోసం తెచ్చుకున్నవి. ఇంటి తిండి స్కూల్లో పిల్లలకి ఇవ్వకూడదని అప్పటికే నాతో సంతకం పెట్టించుకున్నారు. చెయ్యి సంచి దాకా వెళ్ళింది... ఇవ్వలేదు. భయపడ్డాను. అది జిప్పు వేసుకుని వెళ్ళిపోయింది.

నీకు మొహం ఎలా చూపించను?

మూడో వారంలో నీ టేబుల్ ఉన్న చోటికి ఒక బెంచీ వచ్చింది. పాత ప్లాస్టిక్ కరిగించి చేసిందట, ఆకుపచ్చ రంగు. వెనక గోడకి తీగల బొమ్మ. దాని పేరు గ్రీన్ కార్నర్. ఇంత తొందరగా ఎలా తయారైందని నేను ఆశ్చర్యపోతుంటే, వంటగదిలో పనిచేసే రోసా నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. రోసాకి ఇంగ్లీషు నా అంతే వచ్చు. నాకు స్పానిష్ రాదు, తనకి తెలుగు రాదు. అయినా మా ఇద్దరికీ అర్థం కానిది లేదు. గోడకి అంటించిన ఒక ప్లాను చూపించింది. కెఫెటేరియా బొమ్మ. అందులో బెంచీ ఉంది, తీగలు ఉన్నాయి, నీ టేబుల్ లేదు. ఎప్పటిదని వేళ్ళతో అడిగాను. హాలోవీన్ నాటిదని గుమ్మడికాయ బొమ్మ గీసి చూపించింది.

హాలోవీన్ అంటే అక్టోబరు! నేను పసుపు కలిపింది ఫిబ్రవరిలో.

అంటే ఎప్పుడో తీసేద్దామనుకున్నారు. సాకు కోసం చూస్తున్నారు. ఈ ముసలిది తనంతట తనే సీసాలో కలిపి తెచ్చి ఇచ్చింది. మూడు వారాలు నేను తినని అన్నం ఎవరిస్తారు? ఒక పండు మీద చిటికెడు పసుపు కనిపిస్తే సేఫ్టీ గుర్తొచ్చింది... రోజూ రోసా కట్టి పారేస్తున్న సంచుల నిండా పాలు కనపడవా? ఆ సంచులు ఆ బెంచీ పక్కనించే వెళ్తాయి. పోస్టరు కిందనుంచే వెళ్తాయి.

ఐదో తరగతి పిల్లలు ఊరుకోలేదు, అది విను. తమ బల్ల చివర తామే పాలు, పళ్ళు వరసగా పెట్టి, ఎంగ్లీ, నాట్ ఎంగ్లీ అని చూసుకుంటూ కావలసినవాళ్ళకి ఇచ్చుకున్నారు. రెండు రోజులు సాగింది. మూడో రోజు లంచ్ మానిటర్ వచ్చి అంతా ఒక్క ఊపున డబ్బాలోకి తోసేసింది. రోసా చెబుతూ కళ్ళు తుడుచుకుంది. పిల్లలకి వచ్చిన చదువుని కళ్ళముందే చెత్తలో వేశారు. దీన్ని స్కూలంటారా?

నీ మీద కూడా కోపంగా ఉంది సుజాతా. పోయినవాళ్ళ మీద కోపమేమిటని ఎవరన్నా అంటే అననీ. "నేను లేకపోయినా నడవాలి వదినా, అప్పుడే అది నడిచినట్టు" అనేదానివి. మరి నడవడానికి ఏం చేశావు? ఒక్క కాగితం రాసి పెట్టావా? ఒక రూలు చేయించావా? అంతా నీ నోటి మాట మీద నడిచింది. నువ్వు నిలబడి చూస్తున్నావు కనక నడిచింది. అంత చదువుకున్నావు, అంతమంది టీచర్లకి దారి చూపించావు, నీ తర్వాత వచ్చేవాడు ఎలాంటివాడో అన్న భయం నీకు ఒక్కసారి రాలేదా? నన్ను పిరికిదాన్ని అని నవ్వేదానివి. నా పిరికితనం కొంచెం అరువు తీసుకుంటే ఏం పోయేది?

పొద్దుటినుంచి నిన్ను తిట్టుకుంటూనే ఉన్నాను. మళ్ళీ నాకే ఏడుపు వస్తోంది. నీకు మాత్రం తెలుసా, అంత తొందరగా వెళ్ళిపోతావని...

ఇక అసలు మంట చెప్తాను. మార్చిలో మాధవి స్కూలు వెబ్‌సైట్ తెరిచి చూపించింది. ఏదో గ్రీన్ స్కూల్ అవార్డు కోసం పెట్టారట. అందులో ఒక ఫోటో. నీ టేబుల్! ఐస్ తొట్టి, అరటిపళ్ళు, పిల్లల చేతులు, మధ్యలో నా గాజుల చెయ్యి. ఫుడ్ వేస్ట్ తగ్గిస్తున్న మా పిల్లలు అని కింద రాశారు. లేని టేబుల్‌ని చూపించి అవార్డు అడుగుతున్నారు! తీసేసేటప్పుడు ప్రమాదం, అడిగేటప్పుడు గొప్ప. నా గాజులైనా చెరిపేయాలనిపించలేదా వాళ్ళకి?

పది రోజుల కింద కాగితం వచ్చింది. ఆ బెంచీకి నీ పేరు పెడతారట. ఇత్తడి పలక చేయించారు. ఎర్త్ డే సభలో బిగిస్తారు. నీకు పిల్లలు లేరు, మీ అన్నయ్య లేడు, కుటుంబం తరఫున నేను సంతకం పెట్టాలట. సభలో ఆ బెంచీ మీద కూర్చుని ఫోటో కూడా దిగాలట.

మాధవి ఎంత సంతోషపడిందో. అత్త పేరు అమెరికా స్కూల్లో ఉంటుందమ్మా, పిల్లలు చదువుతారు, సైన్ చేసెయ్ అంది. నేను పెట్టనంటే అరిచింది. గ్రీన్ కార్డు మీద ఉన్నావు, బయట రోజులు బాగాలేవు, ఎందుకమ్మా గొడవలు, ఒక టేబుల్ కోసమా అంది. దాని భయం దానిది. నా కడుపున పుట్టింది కదా, భయపడక ఏం చేస్తుంది?

నాకూ భయమే. నన్ను పంపించేస్తారేమో, మాధవి ఉద్యోగానికి ఏమన్నా అవుతుందేమో, పోలీసులు వస్తారేమో... అన్నీ అనుకున్నాను. రెండు రోజులు ఆ కాగితాన్ని బియ్యం డబ్బా మీద పెట్టి చుట్టూ తిరిగాను. తిరిగినప్పుడల్లా జిప్పు వేసుకుని వెళ్ళిపోయిన ఆ పిల్ల వీపే కనపడింది. దాని తమ్ముడు ఆ పూట ఏం తిన్నాడో నాకు తెలీదు. ఆ చోట నీ పేరు బిగించడానికి నేను సంతకం పెడతానా? నువ్వు టేబుల్ వేసిన చోటే ఆ పిల్ల ఖాళీ బ్యాగుతో నిలబడింది... రేపు అది పెద్దదై ఆ బెంచీ చూసి, ఆ పేరుగల ఆవిడ ఇదేనా చేసింది అనుకోదూ?

సంతకం గీత ఖాళీగా వదిలేశాను. కింద ఏమైనా చెప్పాలంటే రాయండి అని నాలుగు గీతలు ఉన్నాయి. కోపంలో నాకు ఇంగ్లీషు రాదు. తెలుగులోనే రాశాను.

మా సుజాత పేరు కావాలంటే ముందు ఆమె టేబుల్ వేయండి. నేను పసుపు తేవడం తప్పు, ఇక తేను. కావాలంటే నన్ను మానేయమనండి, మానేస్తాను. కానీ పిల్లలు పెట్టుకోవచ్చు, తీసుకోవచ్చు, మిగిలింది ఇంటికి పట్టుకెళ్ళచ్చు అని కాగితం మీద రాయండి. ఇంకో ప్రిన్సిపాల్ వచ్చినా తీసేయడానికి వీల్లేకుండా రాయండి. ఆ ఫోటో ఈలోగా తీసేయండి. అవన్నీ అయ్యాక సంతకం పెడతాను.

నాలుగు గీతలు చాలలేదు. వెనక్కి తిప్పి రాశాను.

నేనే తీసుకెళ్ళి ఆయన చేతికిచ్చాను. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, ఇదేం భాష అని అడిగాడు. తెలుగు అన్నాను. చదివి చెప్పమన్నాడు. చెప్పలేదు. ఊళ్ళో స్కూళ్ళన్నీ నడిపే అంత పెద్ద డిస్ట్రిక్ట్ ఆఫీసు ఉంది కదా, చదివించుకోండి అని వచ్చిన ఇంగ్లీషులో చెప్పి వచ్చేశాను. గేటు దాటి కార్ ఎక్కేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

నిన్న సభ అయింది. నేను వెళ్ళలేదు. రోసా ఫోటో పంపింది. బెంచీ ఉంది, ఆకుపచ్చ టై ఉంది, బెలూన్లు ఉన్నాయి. పలక బిగించాల్సిన చోట నాలుగు చిల్లులు, అంతే. నీ పేరు లేదు.

నీ పేరు నేనే ఆపాను సుజాతా. మన ఇంటి ఆడపిల్ల పేరు ఈ దేశంలో ఇత్తడి మీద ఉండే అవకాశం వస్తే, నేను అడ్డం పడ్డాను. నీకు కోపం వచ్చిందా? వస్తే కలలోకి వచ్చి తిట్టు. నేను మాత్రం వెనక్కి తీసుకోను.

ఇవాళ పొద్దున డిస్ట్రిక్ట్ నుంచి ఇమెయిల్ వచ్చింది. ఎవరో తెలుగు మనిషి దొరికారట, చదివి చెప్పారట. గురువారం మీటింగుకి రమ్మన్నారు. టేబుల్ వేస్తామని అనలేదు, వేయమనీ అనలేదు. మాట్లాడదాం అన్నారు.

వెళ్తాను. ఆ కాగితం మీద రాసిన మాటలే నోటితోనూ చెప్తాను. ఒప్పుకుంటే కాగితం చేతిలో పెట్టుకునే లేస్తాను, అప్పుడే నీ పేరు వాళ్ళకిస్తాను. ఒప్పుకోకపోతే ఆ చిల్లులు అలాగే ఉంటాయి.

నీ వదిన,
కాంతమ్మ